విగ్రహం కదిలితేనే వార్తా?

2022 నవంబరులో కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో పరిపాలన భవనం ముందున్న వేమన విగ్రహాన్ని మరో చోటికి మార్చి, అక్కడ వై.ఎస్. రాజశేఖరరెడ్డి విగ్రహం నిలిపారు. ఆ శుక్రవారం కువైట్‌లో, ఫర్వానియాలోని మా గదిలో ఇదే మాట. గదిలో ఉండేది అందరం సీమవాళ్లమే.

"వేమన్ను తీసేసినారంట గదన్నా!" అన్నాడు ఆళ్లగడ్డ తమ్ముడు.

"తీసేయలేదప్పా, జరిపినారు. మొత్తం చదువు" అని రాయచోటి ఆయన తన ఫోన్ చూపించాడు.

ఇద్దరి చేతుల్లో రెండు పత్రికలు. ఎవరి పత్రిక వాళ్లకు సరిగ్గానే కనిపించింది. మధ్యాహ్నానికి మాట విగ్రహం దాటి పార్టీలకు పోయింది, సాయంత్రానికి ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు. నాకు దిగులైంది. అప్పట్లో మా అక్క కూతురు కడపలో పీజీ చదువుతుండేది. ఆ పిల్ల చదువు ఎట్లా సాగుతోందన్న సంగతి ఆ రెండు పత్రికల్లోనూ లేదు.

ఊళ్లో ఉన్నవాడు వార్త మీద అనుమానం వస్తే పులివెందుల రోడ్డు మీద బస్సెక్కి పోయి, ప్రాంగణంలో కళ్లారా చూసి రాగలడు. గల్ఫ్‌లో ఉన్న మాకు పత్రికే కళ్లు. అందుకే పక్షపాతం ఎక్కడుందో పసిగట్టడం మాలాంటి వాళ్లకు అత్యవసరం. అక్కడినుంచి వచ్చే వార్తను చూసే మేము ఫీజు పంపుతాం, పిల్లను అక్కడే ఉంచాలా వేరే చోట చేర్చాలా అని తేల్చుకుంటాం.

మన వాళ్లు సాధారణంగా వాడే కొలత ఒకటుంది. ఫలానా పత్రిక ఫలానా పార్టీది, కాబట్టి అది రాసిందంతా అబద్ధం. ఈ కొలతకు ఆధారం లేదనను. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1983 ఎన్నికల్లో ఎన్టీ రామారావుకు ఎంత అండగా నిలిచిందో తెలుగువాళ్లందరికీ తెలుసు. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 'ఆ రెండు పత్రికలు' అంటే పేరు చెప్పకుండానే జనానికి అర్థమయ్యేది. 2008 మార్చిలో ఆయన కుటుంబం నుంచే సాక్షి వచ్చింది. విశాలాంధ్ర, ప్రజాశక్తి కమ్యూనిస్టు పార్టీల పత్రికలు, ఆ సంగతి అవి దాచుకోవు. యజమాని ఎవరో తెలుసుకోవడం పాఠకుడి హక్కు. కానీ అది తెలిస్తే ఎక్కడ జాగ్రత్తగా చదవాలో తెలుస్తుంది, అంతవరకే. ఆ రోజు ఆ పేజీలో అచ్చయిన విషయం నిజమా కాదా అన్నది యజమాని పేరుతో తేలదు. గిట్టనివాడు చెప్పినా నిజం నిజమే.

మరి ఎట్లా తేల్చాలి? మొదటి పరీక్షకు విగ్రహం వార్తనే తీసుకుందాం. అందులో ఎవరూ కాదనలేనివి మూడున్నాయి. వేమన విగ్రహం భవనం ముందుండేది, దాన్ని కదిలించారు, అక్కడ మరో విగ్రహం వచ్చింది. ఇది వేమనకు అవమానమా, విశ్వవిద్యాలయాన్ని తెచ్చిన నాయకుడికి గౌరవమా అన్నది అభిప్రాయం. అభిప్రాయం చెప్పే హక్కు పత్రికకు ఉంది. అయితే ఈ రెంటి మధ్యలో విలేకరి అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? పాలకమండలిలో తీర్మానం జరిగిందా? ఖర్చు ఏ పద్దు కింద రాశారు? అధ్యాపకులనూ విద్యార్థులనూ ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్నలకు జవాబు వెతికిన వార్త ఏ పత్రికలో వచ్చినా నమ్మదగిందే. వీటిని వదిలేసి కోపాన్నో భక్తినో మాత్రమే నింపిన వార్త మన పార్టీకి అనుకూలంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. పని అదే ఉండి, చేసే చెయ్యి మారినప్పుడు పత్రిక ఏం రాసిందో చూడాలి. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఏర్పడింది. 1998లో దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022 సెప్టెంబరులో శాసనసభ చట్టం సవరించి వైఎస్సార్ పేరు పెట్టింది. 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. 2022 నాటి సంపాదకీయాన్నీ 2024 నాటి సంపాదకీయాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. అప్పుడు 'చదువుల సంస్థ పేరుతో రాజకీయమా' అన్న పత్రిక ఇప్పుడూ అదే సూత్రం మీద నిలబడిందా? పాత పేరు తిరిగి పెట్టడం వేరు, ఉన్న పేరు తీసేయడం వేరు అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనలో బలం కూడా ఉంది. కానీ దాన్ని కారణాలతో చెప్పి ఒప్పించాలి, పాఠకుడికి గుర్తుండదులే అనుకుని దాటేయకూడదు.

ఆ పేర్ల మార్పులో నన్ను కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. ఇక్కడి ఆసుపత్రుల్లో మన తెలుగు నర్సులు చాలామంది పనిచేస్తున్నారు. పట్టాకు విదేశాంగ శాఖ ముద్ర, కువైట్ రాయబార కార్యాలయం ముద్ర వేయించి, ఇక్కడి అధికారులకు చూపించాలి. మార్కుల జాబితా మీద ఒక పేరు, పట్టా మీద ఇంకో పేరు ఉంటే, ఇవి రెండూ ఒకే విశ్వవిద్యాలయానివని ఆ అమ్మాయే నిరూపించుకోవాలి. పేరు మార్పు మీద మాట్లాడిన ప్రతి నాయకుడూ ప్రతి సంపాదకుడూ ముందుగా ఆ అమ్మాయి గురించి ఒక్క వాక్యం చెప్పి ఉండాల్సింది.

ఆ రెండో పరీక్షకే ఇంకో ఉదాహరణ. 2024లో ప్రభుత్వం మారాక రాష్ట్రంలో చాలామంది ఉపకులపతులు పదవీకాలం ముగియకముందే రాజీనామా చేశారు. బెదిరించి చేయించారని ఒక పక్షం, రాజకీయంగా వచ్చినవాళ్లు రాజకీయంగానే వెళ్లారని మరో పక్షం. ఇక్కడ పాఠకుడు రెండు పక్షాలనూ ఒకే మాట అడగాలి. వాళ్ల నియామకం ఎట్లా జరిగిందో అప్పట్లో మీరు రాశారా? వాళ్ల తర్వాత వచ్చినవాళ్ల నియామకాన్ని ఇప్పుడు అంతే నిశితంగా చూస్తున్నారా? నియామకం రోజున నిద్రపోయి రాజీనామా రోజున మేలుకున్న పత్రికకు విశ్వవిద్యాలయం మీద ప్రేమ ఉందంటే నేను నమ్మలేను.

మూడో పరీక్ష ఓపికకు సంబంధించింది. వార్తను చివరిదాకా వెంబడించాలి. 2024 ఏప్రిల్ 24న అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో పాలస్తీనాకు మద్దతుగా జరిగిన ప్రదర్శనలో పోలీసులు 57 మందిని అరెస్టు చేశారు. రెండు మూడు రోజుల్లోనే తగిన ఆధారం లేదని ఆ కేసులన్నీ ఎత్తేశారు. మొదటి రోజు వార్తతో ఆగినవాడికి వాళ్లు నేరస్థులుగానే మిగిలిపోతారు. మన దగ్గర, 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. కేసు మూసేయాలన్న పోలీసు నివేదిక 2024 మే నెలలో బయటికొచ్చింది. కుటుంబం అభ్యంతరం చెప్పాక మళ్లీ దర్యాప్తు చేస్తామని డీజీపీ కార్యాలయం ప్రకటించింది. ఈ ఎనిమిదేళ్లలో ఎవరికి పనికొచ్చిన ముక్క వాళ్లు పట్టుకున్నారు. ఒక విద్యార్థి మరణానికి మనం బాకీ ఉన్నది మొత్తం కథ చదవడం.

పత్రికలను అడిగినట్టే మనల్ని మనమూ అడగాలి. సీమవాళ్లకు విశ్వవిద్యాలయం అంటే పాత గాయం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అనంతపురంలో పెట్టమని మన పెద్దలు అడిగారు. అది బెజవాడలో మొదలై వాల్తేరు చేరింది. 1937 నవంబరు 16న మద్రాసులో ఆంధ్రపత్రిక వ్యవస్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. సీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు వంటివాళ్లు కూర్చున్నారు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నది అందులో ఒక షరతు. తిరుపతికి 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు. కడపకు యోగి వేమన 2006లో, కర్నూలుకు రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో, అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో వచ్చాయి. ఇంత ఆలస్యంగా దక్కిన వాటి మీద ఎవరైనా విమర్శ రాస్తే, సీమ మీద కక్షతో రాశారని మనకు వెంటనే అనిపిస్తుంది. ఒక్కోసారి అది నిజం కావచ్చు. కానీ ఆ గాయాన్ని అడ్డుపెట్టుకుని నియామకాల్లో, నిధుల్లో జరిగే తప్పులను కప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లను కాపాడితే సీమకు మేలు చేసినట్టు కాదు.

పార్టీతో పనిలేని పక్షపాతం ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారిలో నడిచాయి. పల్లె వార్త అచ్చులోకి వచ్చింది, అది గొప్ప మేలు. అయితే కడప సంగతి కడప పేజీ దాటదు, కర్నూలు సంగతి కర్నూలు పేజీలోనే ఆగుతుంది. అధ్యాపకుల ఖాళీలు, పరిశోధక విద్యార్థికి అందని ఫెలోషిప్, వసతిగృహంలో నీళ్ల కొరత లోపలి పేజీలో రెండు అంగుళాల వార్త. మొదటి పేజీకి రావాలంటే ఏదో ఒక నాయకుడి పేరో విగ్రహమో అందులో ఉండాలి. కడపలో 2020లో ఆర్కిటెక్చర్ విశ్వవిద్యాలయం మొదలైంది. తమ కోర్సుకు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు కావాలని అక్కడి విద్యార్థులు రోడ్డెక్కాల్సి వచ్చింది. గుర్తింపు లేకపోతే ఆ చదువుతో ఆర్కిటెక్టుగా పనిచేయలేరు. కన్నవాళ్లకు ఇంతకంటే పెద్ద వార్త ఏముంటుంది? దాన్ని కూడా తప్పు ఏ ప్రభుత్వానిదన్న తగవులోకి లాగారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలదీ అదే దారి. పాతవాళ్ల బకాయి అని ఒకరు, కొత్తవాళ్లదని ఒకరు. సర్టిఫికెట్ కోసం కాలేజీ ఆఫీసు ముందు నిలబడిన పిల్లకు ఆ తేడాతో ఒరిగేదేమీ లేదు.

ఇంతకూ పాఠకుడు చేయగలిగిందేమిటి? దానికి మన కడపలోనే ఒక మంచి మార్గం చూపినవాడున్నాడు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరి నుంచి రాతప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో సరిచూసి, 1829లో 693 పద్యాలు అచ్చు వేయించాడు.  ప్రతి రాసినవాడెవరో తెలిస్తే వాడు ఎక్కడ పొరబడతాడో ఊహించవచ్చు. పాఠం సరైనదో కాదో ప్రతులన్నీ పోల్చాకే తేలుతుంది. పత్రికల విషయంలోనూ ఇంతే. ఒకరికొకరు పడని రెండు పత్రికలు, వాటితో పాటు మూడోది చదవాలి. మూడింటిలోనూ ఉన్నది దాదాపు నిజం. ఒక్కదాంట్లోనే ఉన్నదానికి కాగితం అడగాలి. తన పక్షానికి ఇబ్బంది కలిగించే సంగతిని ఒక పత్రిక తానే రాసిందంటే దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి.

కాగితం అడగడం అంత కష్టమూ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వర్తిస్తుంది. పాలకమండలి తీర్మానాలు, ఖాళీ పోస్టుల వివరాలు, ఖర్చు లెక్కలు అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంట్లో ఒక విద్యార్థి ఉన్న ప్రతి కుటుంబమూ ఈ పని చేయగలదు. మనం ఇక్కడినుంచి వాట్సాప్‌లో పంపే వంద క్లిప్పింగుల కంటే అట్లా వచ్చిన ఒక్క జవాబు విలువైనది.

సంపాదకులకు నా విన్నపం ఒకటే. కడప, కర్నూలు పేజీల్లో వారానికి ఒక్క కాలమ్ విశ్వవిద్యాలయాలకు ఇవ్వండి. పాలకమండలి ఏం తీర్మానించింది, ఏ శాఖలో ఎంతమంది అధ్యాపకులున్నారు, ఫలితాలు ఎప్పుడొచ్చాయి అన్నవి, ఎవరు అధికారంలో ఉన్నా, ఒకే తీరుగా రాయండి. అట్లా రాసే పత్రిక, విగ్రహం గొడవ వచ్చిన రోజున ఏ పక్షాన నిలిచినా నేను గౌరవంగా చదువుతాను.

కువైట్‌లోని నా తోటి సీమవాళ్లకూ ఒక మాట. విశ్వవిద్యాలయం వార్త చూడగానే అందులో ఏ నాయకుడున్నాడని వెతక్కండి, విద్యార్థి ఎక్కడున్నాడో వెతకండి. విద్యార్థి లేని వార్తను ఇంకొకరికి పంపకముందు ఊళ్లో చదువుకునే పిల్లకు ఒక ఫోన్ చేసి, ఈ వారం తరగతులు జరిగాయా అని అడగండి. మన చెమట డబ్బు పోతున్నది ఆ తరగతుల కోసం. మనకు కావలసిన మొదటి వార్త కూడా అదే.