ఎక్కడ? ఎక్కడికి?

జర్మను భాషలో ‘ఇన్’ అని ఒక చిన్న మాట వుంది. అర్థం మన ‘లో’. ఓస్, ఇంతేకదా అనుకునేరు! ఆ మాట మారదుగాని, దాని పక్కనుండే బుల్లి పదం వేషం మారుస్తుంది. బడిలో వున్నానంటే ‘ఇన్ డేర్ షూలె’, బడికి వెళ్తున్నానంటే ‘ఇన్ డీ షూలె’. మొదటిది చతుర్థీ విభక్తి, రెండోది ద్వితీయ.

మా మేనకోడలు నర్సింగు చదివింది. జర్మనీలో ఉద్యోగం కావాలంటే ముందు ఆ భాషలో పరీక్ష గట్టెక్కాలి. ఇంగ్లీషు గైడొకటి కొనుక్కుని, ‘‘కదలిక వుంటే ద్వితీయ, లేకుంటే చతుర్థి’’ అని వల్లె వేస్తోంది. ఒకనాడు నీరసంగా వచ్చి కూర్చుంది.

‘‘చూడు మావయ్యా! పార్కులో పరుగెత్తుతున్నానంటే ‘ఇమ్ పార్క్’ అనాలట. ‘ఇన్ డేమ్’ కలిసి ‘ఇమ్’ అయిందట. అంటే చతుర్థి. పరుగు కదలిక కాదూ? ఇక నేను వెళ్ళినట్టే!’’

‘‘ఆ గైడు పక్కన పెట్టు. నువ్వు పార్కులో పరుగెత్తుతున్నావా, పార్కులోకి పరుగెత్తుతున్నావా?’’

‘‘పార్కులోనే.’’

‘‘అయితే చతుర్థే. వీధిలోంచి గేటు దాటి లోపలికి పరుగెత్తావనుకో, అప్పుడు ‘ఇన్ డేన్ పార్క్’, ద్వితీయ. కాళ్ళు కదిలాయా లేదా అన్నది కాదమ్మా ప్రశ్న. ఎక్కడ, ఎక్కడికి అన్నదే ప్రశ్న.’’

జర్మనులకూ ఈ ప్రశ్నలు రెండూ వేరు వేరే. ‘వో’ అంటే ఎక్కడ, ‘వోహిన్’ అంటే ఎక్కడికి. ఈనాటి ఇంగ్లీషువాడు రెంటికీ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాడు. ఆ దారిన చుట్టు తిరిగి వెళ్ళబట్టే పిల్లకిన్ని తిప్పలు. ‘ఇన్’ లాగే నడిచే మాటలు మరో ఎనిమిదున్నాయి. మనకు మీద–మీదికి, కింద–కిందికి, వెనక–వెనక్కి ఎలాగో, వాళ్ళకు అవి అలాగ.

అలాగని అన్నిచోట్లా తెలుగు అచ్చు గుద్దినట్టు సరిపోదు. మనం బడికి వెళ్తాం, వాళ్ళు బడిలోకి వెళ్తారు. జర్మనీకి ప్రయాణమంటే ‘ఇన్’ పనికిరాదు, ‘నాఖ్’ అనాలి. స్విట్జర్లండుకైతే మళ్ళీ ‘ఇన్’ కావాలి, ఎందుకంటే ఆ దేశం పేరుకు ముందు ‘డీ’ తగిలించడం వాళ్ళ ఆచారం. ఇలాంటివి కంఠస్థం చెయ్యవలసిందే.

పైభాషలు నేర్చే పిల్లలకు తెలుగు అడ్డమని భయపడే తల్లిదండ్రులు చాలామంది వున్నారు. ‘లో’కీ ‘లోకి’కీ తేడా మన ఐదేళ్ళ పిల్లవాడికి తెలుసు, ఎవరూ నేర్పకుండానే. పిల్లలను విదేశం పంపేటప్పుడు పెట్టెలో ఆవకాయతోపాటు ఆ ‘కి’ని కూడా సర్ది పంపండి. బరువేమీ వుండదు.