గేట్ బజారులో జపాను రాత

ఇచ్ఛాపురం దాటితే ఆంధ్రదేశపు స్టేషన్లు అయిపోతాయి. ఆపైన కొద్దిసేపటికే బరంపురం. మొన్న మా అక్కయ్యను చూచి రావడానికి వెళ్ళాను. వాళ్ళ ఇల్లు గేట్ బజారులో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. ఎల్లలు మారినా మనవాళ్ళ ఇళ్ళు కదలలేదు. వీధి బోర్డుల మీద ఒరియా రాత, గుమ్మం దాటి లోపలికి వెళితే తెలుగు మాట.

ఈసారి ఆ ఇంట్లో మరో భాష వినబడింది. అక్కయ్య మనవడు గళ్ళపుస్తకం ముందేసుకుని జపాను లిపి దిద్దుతున్నాడు. 2021 జనవరిలో మన దేశానికీ జపానుకూ కుదిరిన ఒప్పందం వల్ల, వృద్ధుల సేవ వంటి కొన్ని పనులకు మన పిల్లలు అక్కడికి వెళ్ళవచ్చు. పనిలో పరీక్షా, భాషలో పరీక్షా నెగ్గాలి. జపాను భాషాపరీక్షకు అయిదు మెట్లు. వీడు ఎక్కవలసినది కింది నుంచి రెండవది.

"ఎన్ని అక్షరాలురా?" అన్నాను.

"కంజీలంటారు తాతయ్యా. మొదటి మెట్టుకు సుమారు 100, రెండో మెట్టుకు 300 వస్తే మేలు. నిత్యం వాడేవని వాళ్ళ ప్రభుత్వం వేసిన పట్టికలో 2136 ఉన్నాయి."

నా గుండె ఝల్లుమంది. కాని వాడు చూపించిన తీరు ముచ్చటగా ఉంది. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, అటూ ఇటూ రెండు వాలుగీతలు: అది చెట్టు. రెండు చెట్లు పక్కపక్కన వేస్తే తోపు. మూడు వేస్తే అడవి. చెట్టు పక్కన మనిషిని నిలబెడితే విశ్రాంతి! పరీక్షలో చేత్తో రాయవలసిన పని లేదట, సరైన జవాబు గుర్తిస్తే చాలు. అయినా దిద్దితేగాని మనసున నిలవదంటాడు.

చిక్కల్లా చదవడంలో ఉంది. నీటి గుర్తు ఒంటరిగా ఉంటే 'మిజు'. అదే గుర్తు బుధవారం పేరులో చేరితే 'సుయి'. మొదటిది వాళ్ళ సొంత మాట, రెండవది చీనా నుంచి వచ్చినది.

"దాహమైతే నీళ్ళడుగుతాం, పెద్ద చెరువైతే జలాశయమంటాం. మనకూ రెండూ ఉన్నాయి కదరా!" అన్నాను. వాడి ముఖం వికసించింది.

"ఏదీ, జలాశయం రాయి" అంటే మాత్రం తెల్లబోయాడు. బడిలో ఒరియా, ఇంగ్లీషు, హిందీ చదివాడు. తెలుగు నోటికి వచ్చింది గాని చేతికి రాలేదు.

అక్కయ్యకు ఈమధ్య వినికిడి తగ్గింది. ఒరియా చక్కగా మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆమెకు వచ్చిన రాత తెలుగొక్కటే. మా ఇద్దరినీ చూస్తూ మెల్లగా అంది:

"ఎంత దూరపు రాతో నేర్చుకుంటున్నాడు, మంచిదే. అక్కడినుంచి ఫోను చేస్తే నాకు వినబడదు. ఉత్తరం రాస్తే ఏ రాతలో రాస్తాడు?"

మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి వాడు గళ్ళపుస్తకం తిరగేసి, వెనుకవైపు మొదటి గడిలో నాయనమ్మ చేత 'అ' రాయించుకున్నాడు. నేను రైలెక్కేనాటికి 'క' గుణింతంలో ఉన్నాడు. 300 గుర్తులు మోయడానికి పూనుకున్నవాడికి మన 56 ఒక బరువా? పరాయి రాతతో ఇంటి రాతకు చేటు లేదు. దిద్దే అలవాటున్న చేయి రెండూ దిద్దుతుంది.

వాడు జపాను వెళ్ళేదీ లేనిదీ పరీక్ష తేల్చాలి. అక్కయ్య మాత్రం కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది.