ఏడడుగుల రెండంగుళాల ఉమ్మీద్

కాన్సాస్ అంటే మా కర్నూలు మొహల్లాలో ఎవరికీ తెలీదు. అమెరికా అంటే న్యూజెర్సీ, డల్లాస్, అంతే. కాన్సాస్ ఆ దేశానికి నడిమధ్యలో ఉంది. సముద్రం లేదు, పెద్ద కొండలు లేవు. గోధుమ చేలు, గాలి, చలి. మా బేటీ, దామాద్ ఉండేది ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్లో. అక్కణ్ణించి కారులో ముప్పావు గంట పోతే లారెన్స్. ఆ లారెన్స్‌లో కాన్సాస్ యూనివర్సిటీ ఉంది, దానికొక బాస్కెట్‌బాల్ టీము ఉంది. ఆ టీమంటే అక్కడి జనానికి ఏమిటో చెప్పాలంటే, మనకు క్రికెట్ ఎంతో అంతకు పిడికెడు ఎక్కువే అనాలి. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ సాహెబే వాళ్ల మొదటి కోచ్. ఇంకో తమాషా, ఆ టీము కోచ్‌లందరిలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. 55 గెలిచాడు, 60 ఓడాడు. ఆట పుట్టించినవాడికే దక్కనిది తక్కినవాళ్లను అడుగుతారు, చూడండి.

2023 అక్టోబరు నుంచి 2024 మార్చి ఆఖరు దాకా నేను అక్కడ ఉన్నాను. నవాసాను చూసుకోవడానికి పోయాను గానీ, వాడికి పదకొండేళ్లు, వాడే నన్ను చూసుకున్నాడు. వాడి నోట్లో రోజంతా ఒకటే పేరు, హంటర్ డికిన్సన్.

ఈ డికిన్సన్ ఏడడుగుల రెండంగుళాల పిల్లాడు. ఎడమచేతి వాటం. మూడేళ్లు మిషిగన్ యూనివర్సిటీకి సెంటర్‌గా ఆడి, 2023 మేలో కాన్సాస్‌కు వచ్చేశాడు. పిల్లలు కాలేజీ మారడం మనకు కొత్త కాదు. కానీ అక్కడ ఇదొక పెద్ద బజార్. పోర్టల్ అని ఒకటుంటుంది, అందులో పేరు పెట్టుకుంటే మిగతా యూనివర్సిటీలు వచ్చి మాట్లాడుకుంటాయి. పాత జమానాలో ఇలా మారినవాడు కొత్త టీములో ఒక ఏడాది ఆడకుండా ఖాలీగా కూర్చోవాలట. నా నోట్లోంచి "ఓహో, ఇద్దత్!" అని వచ్చేసింది. మా బేటీ "అమ్మీ!" అని కసిరింది. 2021లో ఆ రూలు సడలించారు. అదే ఏడాది నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. ఇక రిష్తాలకు కొదవేముంది?

మా పక్కింట్లో ఒక పెద్దాయన. డెబ్బై అయిదు దాటాయి, బీవీ లేదు. ఆ యూనివర్సిటీలోనే చదివాడట. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆయనకు తెలుగు రాదు, మధ్యలో నవాసా తర్జుమా చేసేవాడు. ఆయన హిసాబ్ ఇది. అంతకు ముందు ఏడాది కాన్సాస్‌కు అసలు సిసలు సెంటరే లేడు. ఆరడుగుల ఏడంగుళాల కె.జె. ఆడమ్స్ తనకంటే జానెడు పొడుగున్న వాళ్లతో ఢీకొట్టాడు. అయినా టీము బాగానే ఆడింది, టోర్నమెంట్ రెండో రౌండ్‌లో ఒక్క పాయింట్ తేడాతో పోయింది. ఇప్పుడు ఏడడుగులవాడు వచ్చాడు. ఇంకేం కావాలి? ఛాంపియన్‌షిప్ వచ్చినట్టే. పెద్దాయన ఒక్కడే కాదు, సీజన్ మొదలవకముందే దేశంలో నంబర్ వన్ టీము కాన్సాస్ అని రాసేశారు.

నేను నవాసాను అడిగాను, "పోయిన ఏడాది ఆడినవాళ్లంతా ఉన్నారా?" అని. లేరట. అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టిన జేలెన్ విల్సన్ వెళ్లిపోయాడు. దూరం నుంచి బంతి వేసే గ్రేడీ డిక్ కూడా వెళ్లిపోయాడు. అంటే కూడిక చేశారు, తీసివేత చెయ్యలేదు.

ఈ లెక్క నాకు బాగా తెలుసు. 1984లో నేను బహూగా కర్నూలు వచ్చాను. ఇంట్లో ఎనిమిది మంది. నేను వచ్చిన నెలలోనే మా నణంద్ నికాహ్ అయి గుంతకల్ వెళ్లిపోయింది. అంతవరకూ ఆ ఇంటి వంటిల్లు ఆమె చేతుల మీద నడిచింది. అది ఎవరికీ గుర్తు రాలేదు. "బహూ వచ్చింది, ఇక అంతా ఆరామే" అన్నారు. పొద్దున రొట్టె ఆలస్యమైతే మా సాస్ అనేది, "నీ మైకాలో అందరూ తారీఫ్ చేశారే నిన్ను!" తారీఫ్ నిజమే. మైకాలో నాకు ముగ్గురు చెల్లెళ్లు సాయం ఉన్నారు.

సరే, డికిన్సన్ సంగతి. నవంబరు 14న షికాగోలో కెంటకీతో మ్యాచ్. 27 పాయింట్లు, 21 రీబౌండ్లు. రీబౌండ్ అంటే గురి తప్పి ఎగిరొచ్చిన బంతిని పట్టుకోవడం. చూస్తే అందమేమీ లేదు. మోచేతుల మధ్య నిలబడి, తోసుకుని, పైకి చెయ్యి చాచాలి. పెళ్లి దావత్‌లో దేగ్ దగ్గర నిలబడే పనిలాంటిది, తిన్నవాళ్లు వడ్డించినవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు గానీ దేగ్ మోసినవాణ్ణి కాదు. ఆ రాత్రి మాత్రం అందరూ గుర్తుపెట్టుకున్నారు. మరుసటి పొద్దున పెద్దాయన అరటిపండు కేక్ పట్టుకొచ్చాడు. నవాసాకు ఒకటో నంబరు టీషర్ట్ కొనిపెట్టక తప్పలేదు.

మా దామాద్ ఈ మ్యాచ్‌లు ఇంట్లోనే చూస్తాడు. బయట పెద్ద పెద్ద టీవీలున్న హోటళ్లు బార్లు ఎన్నో ఉన్నాయి, అయినా పోడు. పక్కనే ఒలేతా అనే ఊరు. 2017 ఫిబ్రవరి 22న అక్కడ ఒక బార్‌లో ఇదే కాన్సాస్ టీము మ్యాచ్ నడుస్తుండగా ఒకడు తుపాకీతో వచ్చి మన తెలుగు ఇంజనీర్ ఒకణ్ణి చంపేశాడు. మా దేశం నుంచి పోండి అని అరిచాడు. పక్కనున్న స్నేహితుడికీ దెబ్బ తగిలింది. అడ్డుకోబోయిన కుర్రాడికీ తూటా తగిలింది. ఏళ్లు గడిచినా మా దామాద్ ఆ రోడ్డులో పోయేటప్పుడు ఖామోష్ అయిపోతాడు. ఆ అరిచినవాడూ అక్కడివాడే, అడ్డం పోయినవాడూ అక్కడివాడే అని మాత్రం నాతో ఒకసారి అన్నాడు.

జనవరి వచ్చేసరికి షికాయత్‌లు మొదలయ్యాయి. పరాయి ఊళ్లలో టీము ఓడిపోతోంది. ఫిబ్రవరి ఆఖరులో బ్రిగమ్ యంగ్ వాళ్లు వచ్చి లారెన్స్‌లోని అలెన్ ఫీల్డ్‌హౌస్‌లోనే ఓడించి పోయారు. అలెన్ ఫీల్డ్‌హౌస్ అంటే అప్పట్లో 16,300 మంది గొంతులు ఒక్కసారి లేచిన చోటు, అక్కడ బయటివాళ్లు గెలవడం అరుదు. అంతా డికిన్సన్ మీదికే వచ్చింది. వీడి కాలు కదలదు అన్నారు. ఎదుటివాడు బంతితో వచ్చేటప్పుడు వాడి జతగాడు అడ్డం నిలబడతాడు, అప్పుడు సెంటర్ బుట్ట దగ్గర నుంచి బయటికి రావాలి, మళ్లీ అంతే వేగంగా వెనక్కి పరిగెత్తాలి. ఏడడుగుల ఒళ్లుకు అది కష్టం. నిజమే, నాక్కూడా కనిపించింది. కానీ ఆ సీజన్ మొత్తం మీద మ్యాచ్‌కు 17.9 పాయింట్లు, 10.9 రీబౌండ్లు తెచ్చింది ఆ ఒళ్లే కదా. మిషిగన్‌లో మూడేళ్లు ఆడినప్పుడూ అదే ఒళ్లు. పొడుగు చూసి తెచ్చుకుని ఉరుకు లేదంటే ఎలా?

మిషిగన్ వాళ్ల కోపం ఇంకోరకం. వాళ్లకు వాడు బేవఫా. వాడు పోయిన ఏడాది వాళ్ల టీము 8 గెలిచి 24 ఓడింది, కోచ్ ఉద్యోగమే పోయింది. డబ్బు కోసం పోయాడని తిట్టినవాళ్లకు డికిన్సన్ ఒక జవాబు చెప్పాడట, పదివేల డాలర్లు ఎక్కువిస్తే నన్ను తిట్టేవాళ్లంతా రేపే ఉద్యోగం మారతారు అని. మా దామాద్ పడీపడీ నవ్వాడు. ఎనిమిదేళ్లలో మూడు కంపెనీలు మారాడు మరి.

ఆ రోజుల్లోనే ఫోనులో ఇంకో కథ నడుస్తోంది. మా చిన్నబ్బాయి రిష్తా. నేను అమెరికాలో, వాడూ వాళ్ల అబ్బా కర్నూలులో. మా ఆయనకు షుగర్, చూపు తగ్గింది, ఇన్సులిన్ రెండు పూటలా వెయ్యాలి. వాడు ఇంటి నుంచే బెంగళూరు కంపెనీ పని చేస్తూ చూసుకుంటున్నాడు. మా ఆపా సంబంధాలు వెతుకుతోంది. ఒక రాత్రి ఫోన్ చేసి ఎంతో ఖుషీగా చెప్పింది, నంద్యాల అమ్మాయి దొరికింది, హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్ట్. "ఇంజెక్షన్లు, మందులు అన్నీ తెలిసిన పిల్ల. భాయ్‌సాబ్‌ను బంగారంలా చూసుకుంటుంది. నువ్వు నిశ్చింతగా ప్రతి ఏడూ అమెరికా పోయి రావచ్చు."

అమ్మాయి వాళ్ల అమ్మీ మాత్రం ఒక్క మాట అడిగిందట, నికాహ్ తర్వాత పిల్ల ఉద్యోగం చేసుకోవచ్చా అని. ఆపాకు అది నచ్చలేదు. "ఇప్పుడే షరతులా?" అంది.

నేను వెంటనే ఏమీ అనలేదు. అమ్మాయి ఫార్మసిస్ట్ కాబట్టి మావగారి షుగర్ ఆమె జిమ్మేదారీ అయిపోయింది, పిల్లాడు ఏడడుగులు కాబట్టి ఛాంపియన్‌షిప్ వాడి జిమ్మేదారీ అయిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్చి 9న హ్యూస్టన్‌తో మ్యాచ్‌లో డికిన్సన్ భుజం తప్పింది. టీము ముప్పై పాయింట్ల తేడాతో ఓడింది. ఇంకో మంచి ఆటగాడు మెకల్లర్ మోకాలి దెబ్బతో పెద్ద టోర్నమెంట్ ఆడలేనన్నాడు. డికిన్సన్ భుజం సర్దుకుని వచ్చాడు. మొదటి మ్యాచ్ శామ్‌ఫర్డ్ అనే చిన్న యూనివర్సిటీతో, నాలుగు పాయింట్లతో గట్టెక్కారు. తర్వాత మార్చి 23, గొన్జాగాతో. రంజాన్ నెల. మధ్యాహ్నం రోజాతో సోఫాలో కూర్చుని చూశాం. పెద్దాయన కూడా వచ్చాడు, మేము రోజాలో ఉన్నామని ఆయన కూడా మంచినీళ్లు ముట్టలేదు. సగం ఆట దాకా పక్కపక్కనే నడిచింది. తర్వాత తాడు తెగినట్టయింది. 89-68.

నవాసా లేచి లోపలికి పోయాడు. పెద్దాయన మాత్రం అక్కడే కూర్చుని, ఈ తారీఖు మంచిది కాదు అన్నాడు. 1957లో కూడా మార్చి 23నే, ఇదే కాన్సాస్ సిటీలో ఫైనల్. కాన్సాస్ సెంటర్ విల్ట్ చాంబర్లెన్, అప్పటికి అలాంటి ఆటగాణ్ణి ఎవరూ చూడలేదు. మూడు సార్లు అదనపు సమయం ఇస్తే గానీ తేలలేదు, ఆఖరికి నార్త్ కరోలినా 54-53తో గెలిచింది. పెద్దాయన అప్పుడు తొమ్మిదేళ్లవాడు, అబ్బా పక్కన రేడియో దగ్గర కూర్చుని విన్నాడట. మరుసటి ఏడాది ఆడి చాంబర్లెన్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రపంచంలోనే అంత పెద్ద ఆటగాడయ్యాడు గానీ, కాన్సాస్‌ను ఓడించానన్న బరువు మాత్రం గుండెలో మోశాడు. ఊరివాళ్లు తనను క్షమించలేదనుకుని చాలా కాలం లారెన్స్‌కు దూరంగానే ఉన్నాడు. 1998 జనవరిలో ఆయన 13వ నంబరు జెర్సీని గౌరవంగా పైన కట్టడానికి పిలిస్తే వచ్చాడు, కాలేజీనాటి కోటు వేసుకుని. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆయన కళ్లు తడిశాయి. ఆ మరుసటి ఏడాదే పోయాడు.

"ఆ జనంలో నేనూ ఉన్నాను" అన్నాడు పెద్దాయన. "మాకు ఆయన మీద కోపమే లేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే." నవాసా లోపలికి పోయాడు కాబట్టి ఈ మాటలు మా బేటీ తర్జుమా చేసింది.

ఇఫ్తార్‌కు ఉండమన్నాం. హలీం కొంచెం కారమైంది, అయినా గిన్నె ఖాళీ చేశాడు.

ఆ రాత్రి తరావీహ్ తర్వాత ఆపాకు నేనే ఫోన్ చేశాను. అమ్మాయి ఉద్యోగం చేసుకుంటుంది, ఆ మాట ముందే వాళ్లింటికి పోయి చెప్పు అన్నాను. మరి భాయ్‌సాబ్ ఇన్సులిన్ ఎవరు వేస్తారంది. ఇప్పుడు ఎవరు వేస్తున్నారు, మా అబ్బాయే కదా, తర్వాత నేను వేస్తాను అన్నాను. "నీ అమెరికా?" అంది. రెండేళ్లకోసారి పోతాను. ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్లు నేను తిరిగి తెచ్చిన రిష్తా ఇది, నీ ఇష్టం" అని పెట్టేసింది. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

2024 డిసెంబరులో నికాహ్ అయింది. వాళ్లిద్దరూ హైదరాబాద్‌లో ఉంటున్నారు. బహూ నెలకోసారి వచ్చినప్పుడు మా ఆయన మందుల డబ్బా తనంతట తనే తెరిచి తారీఖులు చూస్తుంది, పాతవి పారేస్తుంది. అడగకుండానే. నేను ఆ డబ్బా ఎక్కడుందో కూడా చెప్పలేదు.

డికిన్సన్ ఇంకో ఏడాది కాన్సాస్‌కే ఆడాడు. ఆ సీజన్ మొదట్లో కూడా నంబర్ వన్ అని రాశారు. 21 గెలిచి 13 ఓడారు, 2025 మార్చిలో మొదటి రౌండ్‌లోనే అర్కాన్సా చేతిలో పోయారు. నేను కర్నూలులో ఉన్నాను, నవాసా వీడియో కాల్‌లో ఏడవలేదు గానీ ముఖం చూపించలేదు, ఫోన్ కప్పువైపు తిప్పి మాట్లాడాడు. జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగినప్పుడు డికిన్సన్ పేరు ఎవరూ పిలవలేదని కూడా వాడే చెప్పాడు. ఒకటో నంబరు టీషర్ట్ బిగుతైపోయిందట, మా బేటీ దాచిపెడితే వెతికి మరీ వేసుకుంటున్నాడట.

పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాను. బాగానే ఉన్నాడు, వచ్చే ఏడాది టీము గురించి ఇప్పటికే కాగితం మీద హిసాబ్ వేస్తున్నాడు అన్నాడు. "వెళ్లిపోయినవాళ్లను కూడా రాశాడా?" అని అడిగితే, "ఆగు నానీ, కనుక్కొస్తా" అని ఫోన్ పట్టుకునే పక్కింటికి పరిగెత్తాడు.