అద్దము తుడుచు నీరు: దుమ్ముగూడెములో ఒక పూట

భద్రాచలమునుండి పర్ణశాలకు పోవు యాత్రికులలో దుమ్ముగూడెమున దిగువారు అరుదు. సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన గుర్తులు చూడవలెనని బయలుదేరినవారి దృష్టి నడుమ దారిలోని యొక పాత రాతికట్టమీద నిలువకపోవుట సహజమే. కాని నీటి సంగతులయందు ఏ కొంచెము కుతూహలమున్న వానికైనను ఈ యూరు దాటిపోరానిది. ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియైన పిమ్మట, ఎగువ గోదావరిని పడవలకు యోగ్యమైన రహదారిగా చేసి, మధ్యపరగణాల ప్రత్తిని సముద్రతీరమునకు దింపవలెనని సర్ ఆర్థర్ కాటన్ ప్రభృతులు తలపోసిన కాలమున, నదికి అడ్డుపడిన మూడు రాతి అవరోధములలో మొదటిది ఇచ్చటనే యుండుటచేత, హేగ్ అను సైనిక ఇంజనీరు పర్యవేక్షణమున ఇచ్చట ఆనకట్టయు, పడవలు దాటుటకు లాకులతో గూడిన కాలువయు వెలసెను. వ్యయభారమునకు వెఱచి ప్రభుత్వము 1871లో ఆ పనులను నిలిపివేసినది. పడవల రాకపోకలు ఏనాడో ఉడిగినను కట్ట నిలిచియున్నది. దానిపైని నీరు కొంత తడవు ఆగి, తన యిసుకను కొంత దించుకొని, మరల దిగువకు సాగుచున్నది.

ఆవలి యొడ్డున అశ్వాపురము ప్రక్క భారజల కర్మాగారము కలదు. గోదావరి నీటిలో ఇంచుమించు ఏడువేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున దాగియుండు డ్యుటీరియమును అచ్చట ఏరి తీయుదురు. నేను చూడబోయినది ఈవలి యొడ్డున, అంతకంటె ఎన్నో రెట్లు చిన్నదైన యొక పనిచోటు. అచ్చట జరుగునది దానికి విపర్యయమైన పని: నీటినుండి నీరు కానిదానినంతటిని తొలగించుట.

అది యొక వాటర్ ప్లాంటు. మన పల్లెలలో నేడు ప్రతి వీధిమొగమునను కనబడు ఇరువది లీటర్ల క్యానుల దుకాణమే. తండ్రి త్రాగునీటి వ్యాపారము చేయగా, దుబాయిలో కొన్ని యేండ్లు ఆకాశహర్మ్యముల అద్దములు కడిగి తిరిగివచ్చిన కొడుకు, ఆ రేకులషెడ్డులోనే ఒక మూలను తన పనికి ఏర్పరచుకొన్నాడు. భద్రాచలములోని లాడ్జీల గాజు ముఖభాగములు, బ్యాంకుల తలుపులు, ఇంటికప్పులమీది సౌర ఫలకములు అతని కార్యక్షేత్రము. ముక్కోటికి, శ్రీరామనవమికి ముందటి వారములలో అతనికి తీరిక యుండదు. నాకు మిత్రుడైన యొక ఉపాధ్యాయునికి మేనల్లుడగుటచే, నన్ను చూడగానే "రండి సారూ, మామయ్య ఫోన్ చేసిండు" అని నీలిరంగు ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసెను.

నిచ్చెన యెక్కక, తాడు పట్టి వ్రేలాడక, నేలమీదనే నిలిచి, పొడవైన తేలికపాటి గొట్టపు కర్ర చివర బ్రష్షును తగిలించి, దాని రంధ్రములగుండ నీరు చిమ్ముచు మూడు నాలుగంతస్తుల అద్దమును కడుగు పద్ధతి ఇది. ఎత్తున పని చేయువారి రక్షణకై బ్రిటన్ దేశమున 2005లో నియమములు వచ్చిన పిదప అచ్చట ఇది మిక్కిలి వ్యాపించినది. ఇందలి విశేషము సబ్బు లేకపోవుట, తుడుపుగుడ్డయు లేకపోవుట. కడిగిన అద్దమును తడిగానే విడిచిపెట్టుదురు, అది తనంత తానే ఆరును. మరక లేక ఆరవలెనన్నచో ఆ నీటిలో ఏమియు కరిగియుండరాదు.

ఈ మాటకు నిదర్శనము చూపుటకై అతడు ఒక గాజుపలకపై మూడు చుక్కలు వేసి ఎండలో పెట్టెను. మొదటిది బోరునీరు, రెండవది తండ్రి అమ్ము క్యానునీరు, మూడవది తాను అద్దములకై నీటిని శుద్ధిచేయు సిలిండరునుండి వచ్చినది. మేము టీ త్రాగి వచ్చునప్పటికి మొదటి చుక్క యున్నచోట సున్నముతో గీచినట్టి తెల్లని వలయము, అంచున దళసరిగా, నడుమ పలుచగా, గోటితో గీకినను పోనిది, ఏర్పడియున్నది. రెండవచోట పలకను వాల్చి చూచినగాని కానరాని యొక పొర. మూడవచోట చుక్క ఎచ్చట వేసెనో అతడే వ్రేలితో చూపవలసివచ్చెను. కంటికి ఆ మూడు నీళ్లును సమానముగా తేటగానే యుండినవి.

మన పెద్దలు ఏటి నీటిని తేర్చుటకు కుండలోపల చిల్లగింజను అరగదీసెడివారు. వానాకాలపు ఎఱ్ఱనీరు ఆ గింజ మహిమచే కొంతసేపటికి అడుగున బురదను వదలి తేటపడును. కాని గింజ పట్టునది తేలియాడు మన్నును మాత్రమే. కరిగిన సున్నమును, ఉప్పును అది ముట్టదు. ఆ కరిగినదానిని పట్టుటకు మనుష్యుడు నేర్చిన విద్యలలో రెజిన్ ఒకటి. నేలలోని మన్ను, తనపై పోసిన ద్రావకములోని అమ్మోనియాను పట్టుకొని బదులుగా సున్నమును విడుచుచున్నదని థాంప్సన్, వే అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు 1850లో ప్రకటించిరి. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనువారు అట్టి మార్పిడి చేయగల కృత్రిమ రెజిన్లను రూపొందించిరి. నేటి రెజిన్ ఆవగింజకంటె చిన్నవియైన పాలిస్టైరీన్ పూసల రాశి. అందు కొన్ని పూసలు నీటిలోని కాల్షియము, మెగ్నీషియము, సోడియములను పట్టి హైడ్రోజన్ అయాన్లను విడుచును. తక్కినవి క్లోరైడు, సల్ఫేటు, బైకార్బొనేటులను పట్టి హైడ్రాక్సిల్ అయాన్లను విడుచును. విడువబడిన రెండును కలిసి మరల నీరే యగును. ఇట్లు ఇచ్చిపుచ్చుకొనుటకు ప్రతి పూసకును ఒక మితి కలదు. ఆ మితి నిండినంతనే దాని పని ముగియును.

ఈ మితియే అతని వ్యాపారమునకు కీలకము. రెండు జాతుల పూసలు కలిసిన రెజిన్ పట్టగల లవణమును లెక్కగట్టినచో, అది నింపిన 25 లీటర్ల సిలిండరు, నీటిలో కరిగిన లవణములను కొలుచు టీడీఎస్ మీటరులో 500 చూపు బోరునీటిని నేరుగా పంపినప్పుడు, స్థూలముగా 1,400 లీటర్ల శుద్ధజలము నిచ్చి చేతులెత్తివేయును. అద్దముల పనికి దినమునకు 500 లీటర్లైనను ఖర్చగును గనుక మూడవనాటికే రెజిన్ మార్చవలసివచ్చును. "బోరునీళ్లు నేరుగా దీన్లోకి పంపటమంటే మంచిగంధంతో గోడ అలికినట్టే సారూ" అని అతడు నవ్వెను. అందుచే ముందుగా నీటిని ఆర్వో పొరగుండ పంపును. ఆ పొర లవణములలో నూటికి తొంబదియైదు పాళ్లు ఆపగా మీటరు 25కు దిగును; లెక్క ప్రకారము రెజిన్ ఆయువు ఇరువది రెట్లు కావలెను. పొర వెలివేసిన నీరు వాకిలి కడుగుటకును, దుకాణము వెనుకనున్న పాయిఖానాకును పోవును.

అయితే లెక్కలో ఇరువది రెట్లన్నది అనుభవమున ఎన్నడును ఇరువది కాలేదట. కారణము అడుగగా అతడు రెండు సంగతులు చెప్పెను. ఆ రెంటితోనే నేను ఇంతదూరము వచ్చినందుకు ఫలము దక్కెననుకొంటిని.

మొదటిది, ఆర్వో యంత్రము రాత్రియంతయు ఆగియున్నప్పుడు, పొరకు ఇవతలనున్న ఉప్పు మెల్లగా అవతలకు దిగును. ఉదయమున మీట నొక్కగానే వచ్చు మొదటి నీటిలో మీటరు 25కు బదులు వందకు పైగా చూపును. పలువురు ఈ నీటిని కూడ రెజిన్‌లోనికే పోనిత్తురు. ప్రతి దినమును ఉదయపు కొద్ది నిమిషముల నీరే సిలిండరులో గణనీయమైన భాగమును తినివేయును. అతడు గొట్టము నడుమ మూడుదారుల వాల్వు నొకదానిని బిగించి, ఆ మొదటి నీటిని మునగచెట్టు పాదుకు మళ్లించుచున్నాడు. మీటరులోని అంకె దిగి నిలుచువఱకు రెజిన్‌వైపు దారి తెఱవడు. నా యెదుటనే మీట నొక్కి, 140, 90, 52, 31 అని అంకెలు దిగుచుండగా చూపి, 24 వద్ద నిలిచిన పిదప వాల్వు త్రిప్పెను. దీనికైన వ్యయము ఒక వాల్వు వెల, కొంచెము ఓపిక.

రెండవది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. భూమి లోతులలోని బోరునీటిలో ఇది మెండుగా కరిగియుండును. ఆర్వో పొర లవణమును ఆపునుగాని వాయువును ఆపజాలదు. మీటరు విద్యుత్తును ప్రసరింపజేయు పదార్థములనే లెక్కించును గనుక ఇది దానికి సరిగా అందదు. రెజిన్ మాత్రము దానిని విడువదు. హైడ్రాక్సిల్ పూసలు దానిని పట్టి పట్టి నిండిపోవును. పెద్ద కర్మాగారములలో దీనికొరకు ప్రత్యేకముగా గోపురమువంటి పరికరము నిలిపి, నీటిని పైనుండి జల్లుచు, క్రిందినుండి గాలి ఊది వాయువును వెళ్లగొట్టుదురు. ఇతడు చేసినది, ఆర్వో నీటిని నేరుగా సిలిండరుకు పంపక, ముందు ఒక ట్యాంకులోనికి చిల్లుల గొట్టముగుండ జల్లుగా పడనిచ్చి, ఒక రాత్రి నిలువ యుంచుట. ఆ జల్లులోనే వాయువు చాలమట్టుకు గాలిలో కలిసిపోవును. రెజిన్ దాటిన నీటిని మాత్రము మూతపెట్టి యుంచవలెను. శుద్ధజలము గాలిలోని వాయువును మరల పీల్చుకొనును గదా.

షెడ్డులో సిలిండర్లు రెండు, ఒకదాని వెనుక నొకటిగా బిగింపబడియున్నవి. రెండవది విలాసమని నేను తలంచితిని. అతని లెక్కలో అదియే పొదుపు. సిలిండరులో రెజిన్ ఒక్కమారుగా అయిపోదు. నీరు తగులు వైపు పూసలు ముందు నిండును. ఆ హద్దు మెల్లగా ముందుకు జరుగును. హద్దు అంచు చివరికి తాకగానే నీరు చెడుట మొదలగును, కాని అప్పటికి ఎన్నో పూసలు సగమే నిండియుండును. ఒక్క సిలిండరే యున్నవాడు మీటరు 10 దాటగానే ఆ సగము బలముతో సహా పారవేయవలసినదే. రెండున్నచో, మొదటిదానిని పూర్తిగా పిండుకొనవచ్చును. దానినుండి జారినది రెండవది పట్టును. మొదటిది నిజముగా నిండినప్పుడు దానిని తీసి, రెండవదానిని మొదటిచోటికి జరిపి, క్రొత్తదానిని చివర నిలుపును. వేగమును మితముగా నుంచును. నీరు తొందరపడినకొలది పూసలకు పట్టుకొనుటకు వ్యవధి చాలక ఆ హద్దు వెడల్పగును. సిలిండరును ఎన్నడును పడుకోబెట్టడు. పడుకోబెట్టినచో రెజిన్ ఒక వైపునకు క్రుంగి, పైన ఏర్పడిన ఖాళీ వెంబడి నీరు పూసలను తాకకయే జారిపోవునట.

ఇందు ఇంకొక మేలు కలదు. నీటిలో కరిగిన ఇసుకయంశము, అనగా సిలికా, మీటరుకు ఇంచుమించు కనబడదు. రెజిన్ దానిని వదులుగా పట్టుకొని, నిండుచున్నప్పుడు ముందుగా దానినే విడుచును. అందుచే మీటరు సున్న చూపుచున్నను అద్దముపై తెల్లని చుక్కలు పడునట. లాడ్జీ యజమాని అట్టి చుక్కలు చూచి మాట తూలిన సందర్భమును అతడు చెప్పుచు, రెండవ సిలిండరు పెట్టిన పిమ్మట ఆ ఫిర్యాదు రాలేదనెను.

తక్కినవి సంరక్షణ సంగతులు. మిషన్ భగీరథ కుళాయినీటిలో ఉప్పు బోరుకంటె తక్కువేగాని, అందలి క్లోరిన్ ఆర్వో పొరను తినును, రెజిన్‌నుగూడ చెఱచును; అందుచే ముందు బొగ్గు ఫిల్టరు, దానికి ముందు మట్టి ఫిల్టరు. రెజిన్ ఎండిపోరాదు, ఎండి, మరల నానినచో పూసలు పగులును. మన మే నెల ఎండలో వ్యాను లోపల సిలిండరును మరచిపోవుట అన్నిటికంటె చేటు: హైడ్రాక్సిల్ పూసలు వేడికి ఓర్వలేక మెల్లగా విరిగిపోవును. అట్లు పాడైన యొక డబ్బా మూతను అతడు విప్పగా, ఆరవేసిన చేపల వాసన గుప్పున కొట్టెను. ఆ వాసన రెజిన్ ఇంక పనికిరాదనుటకు సూచన యని, ఆ డబ్బాను క్రొత్తవారికి చూపుటకే దాచితినని చెప్పెను.

వాడిన రెజిన్‌ను మరల బ్రతికించు విద్యయు కలదు. రెండు జాతుల పూసలను నీటి ఊపుతో వేఱుపఱచి, బరువైనవానికి ఆమ్లమును, తేలికవానికి కాస్టిక్ సోడాను పట్టించినచో అవి పూర్వస్థితికి వచ్చును. బాయిలర్లు గల పెద్ద కర్మాగారములలో ఇది నిత్యకృత్యము. ఇతడు ఆ పని చేయడు. ఆమ్లమునకు, క్షారమునకు తాళగల తొట్లు లేవు. వాడిన ద్రావకమును సమపాళ్లుగా కలిపి విషహీనము చేయు ఏర్పాటు లేదు. షెడ్డు వెనుకనుండి పారు వాగు నేరుగా గోదావరిలో కలియును. "ఆ నీళ్లు మళ్లీ మనమే తాగాలి గదా" అని అతడన్న మాటకు నేను జోడింపవలసినది ఏమియు లేకపోయెను. బ్రతికించు సౌకర్యము లేనిచోట ఉన్నదానిని నిదానముగా వాడుకొనుటయే గతి. అతని యుపాయములన్నియు ఈ నిర్బంధమునుండి పుట్టినవే.

గోడకు వ్రేలాడు నోటుపుస్తకములో ఒక్కొక్క సిలిండరు పేర తేదీ, లీటర్లు, మీటరు అంకె వ్రాసియున్నవి. దానిని తిరుగవేయుచు, ఇక మూడవ సిలిండరు కొందురా యని అడిగితిని. కొననని, షెడ్డు కప్పు అంచున వాననీటి దోనెలు బిగించి, పెరటిలో 10,000 లీటర్ల సంపు త్రవ్వింతునని అతడు చెప్పెను. ఈ అడవి సరిహద్దున ఏటా వేయి మిల్లీమీటర్ల ప్రాంతము వాన కురియును. నూరు చదరపు మీటర్ల కప్పుమీద పడునది ఇంచుమించు లక్ష లీటర్లు. మొదటి వానలతో కప్పు కడుగుకొనిపోయిన తరువాత పట్టిన నీటిలో మీటరు 20 దాటదు; ఆర్వో యంత్రము త్రిప్పకయే, బోరునీటిని వెలివేయకయే, అది నేరుగా సిలిండరుకు పోగలదు. వాన కురియు నెలలలో అద్దముల పని తక్కువ, పని యెక్కువైనప్పుడు వాన లేదు గదా యంటిని. అందుకే సంపు అనెను. ఆశ్వయుజ కార్తికముల వానతో అది నిండినచో ముక్కోటికి ముందటి ఇరువది దినముల పనికి సరిపోవును. మూడవ సిలిండరు వెలకును, దోనెల వెలకును అతడు వేసి చూపిన లెక్క నేను రెండుమారులు కూడి చూచితిని. దోనెలే చౌక.