ఓడ బండెక్కితే

ఒక మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. "గ్రిప్పు ఇంకా బోలెడుంది కదన్నా, ఇప్పుడే ఎందుకు మార్చడం?" అనే మాట. వేసవి మొదలవుతుందనగా మా డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో, పడవ కొనుక్కున్న మనవాళ్ళలో ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. ట్రైలరు పక్కన కూర్చుని, టైరు గాడిలో బొటనవేలు గుచ్చి, లోతు చూపించి మరీ అంటారు. ఆ లోతు చూస్తే టైరు నిజంగానే కొత్తదనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కారు టైరు తిరిగి తిరిగి అరిగిపోతుంది. పడవ ట్రైలరు టైరు తిరగక పాడైపోతుంది. ఏడాది మొత్తమ్మీద అది నడిచేది ఇంటికీ లేక్ లూయిస్‌విల్‌కీ మధ్య, మహా అయితే ఉత్తరాన టెక్సోమా దాకా, కొన్ని శనివారాలు. మిగతా కాలమంతా నిలబడే ఉంటుంది. వాకిట్లో పడవ కనబడితే కాలనీ ఇళ్ళ సంఘం, హెచ్‌ఓఏ వాళ్ళు ఊరుకోరు కాబట్టి, ఊరి చివర నెలనెలా అద్దె కట్టి, పైన రేకైనా లేని స్టోరేజీలో పెట్టుకుంటాం. పైనుంచి టెక్సాస్ ఎండ, కిందనుంచి కాంక్రీటు సెగ, గాలిలో ఓజోన్. వీటికి రబ్బరు బీటలు వారకుండా తయారీలోనే మైనమూ కొన్ని రసాయనాలూ కలుపుతారు. టైరు దొర్లుతూ నలిగినప్పుడల్లా అవి లోపలినుంచి పైకి ఊరి పూతలా పట్టుకుంటాయి. నిలబడిపోయిన టైరుకు ఆ ఊట సరిగా అందదు. పక్కగోడ మీద సన్నటి పగుళ్ళు మొదలవుతాయి. గాడి లోతు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని చూడాల్సింది వయసు. టైరు పక్కన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. దాని చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందని అర్థం. చివర మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది. దాన్ని రోడ్డు మీదికి తేవద్దు. ఈ వరస పూర్తిగా ఒకవైపు ఉంటే చాలునని నియమం. రెండోవైపు తారీఖు లేకుండా మధ్యలోనే ఆగిపోవచ్చు. తారీఖున్న వైపు లోపలికి తిరిగి ఉంటే ట్రైలరు కింద దూరి, టార్చి వేసి, మట్టి తుడిచి చదవాలి. చదవండి. చొక్కా మాసినా సరే చదవండి. పడవ ట్రైలరు మీద అయిదేళ్ళు దాటిన టైరును, గ్రిప్పు ఎంతున్నా, నేను నమ్మను. సెకండ్‌హ్యాండు పడవ కొనేవాళ్ళకైతే ఇంజను మూత ఎత్తకముందే ఈ నాలుగంకెలూ చూడమని చెబుతాను. యజమాని పడవను ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

ఈ తారీఖుల విషయంలోనే ఒక షాపు మీద నాకున్న కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. కొత్త టైర్లని బిల్లు వేసి, నాలుగేళ్ళ కిందట తయారైనవి బిగించి, తారీఖులున్న వైపు లోపలికి పెట్టారు. నేను అక్కడే వంగి చూసి అడిగాను. రోడ్డెక్కని టైరు కొత్తదే కదా అన్నాడు కౌంటరు దగ్గర మనిషి. అప్పటికప్పుడు విప్పించేశాను. గోడౌనులో ఎండ తగలకపోవచ్చు, అక్కడ రబ్బరు కాస్త నెమ్మదిగా ముసలిదవుతుందనీ ఒప్పుకుంటాను. అయినా నాలుగేళ్ళ సరుకుకు కొత్తదాని ధర పెట్టి, అడిగితే తప్ప చెప్పకపోవడం ఏం వ్యాపారం? ఆ రోజు నా తర్వాత వచ్చినవాళ్ళలో ఎంతమంది వంగి చూశారో అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది. ఆ టైర్లు ఎవరో ఒకరికి వెళ్ళే ఉంటాయి. వాళ్ళ పిల్లలు వెనక సీట్లో కూర్చునే ఉంటారు.

ఇక ఎంపిక సంగతి. సైజు ముందు ఎస్‌టి అని ఉంటేనే అది ట్రైలరు కోసం చేసిన టైరు. పి అని ఉంటే కారుది. ఎస్‌టి టైరుకు పక్కగోడలు గట్టివి. బరువు మోయడానికీ, మలుపుల్లో పడవ అటూ ఇటూ ఊగకుండా పట్టడానికీ అలా చేస్తారు. చవగ్గా వచ్చిందని కారు టైరు తగిలిస్తే, దాని మీద రాసిన బరువును 1.1తో భాగించి మోత లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క కట్టేవాళ్ళను నేను చూడలేదు. తర్వాత సైజులో ఆర్ అక్షరముంటే రేడియల్, డి ఉంటే బయాస్. ఒకే ఇరుసుకు ఒకవైపు అదీ ఒకవైపు ఇదీ పనికిరాదు.

మోత మాటకొస్తే, 14 అంగుళాల చక్రాలకు ఎక్కువగా కనబడే 205/75 ఆర్14 టైరునే తీసుకోండి. లోడ్ రేంజ్ సి అయితే 50 పీఎస్ఐ గాలి దగ్గర ఒక్కోటి 1,760 పౌన్లు మోస్తుంది. రెండూ కలిపితే 3,520. పడవ కేటలాగులో వేసేది పొడి బరువు. దాని మీద ట్రైలరు, గాలన్‌కు ఆరు పౌన్ల చొప్పున ట్యాంకులో పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, ఐసు పెట్టె, మనవాళ్ళ పడవైతే బిర్యానీ గిన్నె. ట్రక్ స్టాపులో క్యాట్ కాటా మీద ఒక్కసారి తూయిస్తే గుట్టు బయటపడుతుంది. బరువు అంచుదాకా వచ్చిందంటే లోడ్ రేంజ్ డికి వెళ్ళడం మేలు. అదే సైజు 65 పీఎస్ఐ దగ్గర 2,040 పౌన్లు మోస్తుంది, రిమ్ము కూడా ఆ గాలికి తట్టుకునేదైతే.

గాలి ఉదయం పూట, బండి కదలకముందు, పక్కన రాసిన గరిష్ఠం దాకా కొట్టించాలి. కాస్త తగ్గిస్తే పడవ కుదుపులు లేకుండా పోతుందని కొందరు తగ్గిస్తారు. తగ్గించిన గాలికి పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడతాయి. ట్రైలరు టైర్లు చచ్చేది ఎక్కువగా ఈ చావే. దానికి వేగం తోడైతే చెప్పక్కర్లేదు. ఎస్‌టి టైర్లకు మొదట్నుంచీ ఉన్న హద్దు గంటకు 65 మైళ్ళు. ఇప్పుడు 75కు ఎల్, 81కి ఎం అని వేగపు అక్షరాలు వేసినవి దొరుకుతున్నాయి. మా రాష్ట్రంలో ఆస్టిన్‌కు దక్షిణాన 130వ నంబరు టోల్ రోడ్డు మీద కొంతమేర 85 దాకా పోనిస్తారు. రోడ్డు ఒప్పుకుందని టైరు ఒప్పుకోదు. అక్షరం ఏదైనా వెనక పడవుంటే నేను 65 దాటను. వెనకవాళ్ళు హారన్ కొట్టుకోనీ.

దారిలో ఎక్కడ ఆగినా హబ్బు మీద అరచెయ్యి పెట్టి చూడటం అలవాటు చేసుకోవాలి. వేడెక్కిన హబ్బు రేవులో చల్లటి నీళ్ళలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, సీలు దాటి నీళ్ళను పీల్చుకుంటుంది. గ్రీజు తెల్లబడిందంటే నీళ్ళు చేరినట్టే. కొత్త చక్రం బిగించాక 50 మైళ్ళు పోయి నట్లు మళ్ళీ బిగించాలి. కారులో ఉన్న వీల్ పానా ట్రైలరు నట్లకు చాలాసార్లు పట్టదు, ఇంట్లోనే ఒకసారి పట్టించి చూసుకోవాలి. పైగా చాలా ట్రైలర్లు స్టెప్నీ లేకుండానే అమ్ముతారు. వేల డాలర్ల పడవతో పాటు ఒక స్టెప్నీ ఇవ్వడానికి వీళ్ళకు చేతులెందుకు రావో నాకు అర్థం కాదు.

స్టెప్నీ విలువ తెలిసిన మనిషి ఇండియాలో మా నరసాపురం రోడ్డులో ఉండేవారు. మలయాళీ. మా గోదావరి జిల్లాల్లో రోడ్డు పక్క పంక్చరు షాపంటే చాలాచోట్ల మలయాళీలదే. ట్యూబులో గాలి నింపి, నీళ్ళ తొట్టిలో తిప్పి, బుడగ లేచినచోట పెన్సిలుతో సున్నా చుట్టేవారు. లారీ వస్తే ముందు చక్రాలకు రీసోలు టైరు బిగించేవారు కాదు, ఎంత బతిమాలినా వెనక జోడీ చక్రాలకే. ముందు వైపుకొకటే టైరు, పేలితే పక్కన తోడుండదని ఆయన లెక్క. నా ట్రైలరుకూ వైపుకొకటే.

ఇక రోడ్డుకు పనికిరావని ఆయన తీసి పారేసినవి మాధవాయిపాలెం రేవుకు పోయేవి. అక్కడ బళ్ళను ఏరు దాటించే పంటు అంచుల వెంట తాళ్ళతో కట్టేవారు, రేవుకు ఆనేటప్పుడు దెబ్బ కాయడానికి. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని పెద్దవాళ్ళు కలిమిలేముల గురించి అంటారు. మాకైతే బళ్ళు ఓడెక్కడం రోజూ కళ్ళెదుటే జరిగేది. కార్లు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల వ్యాన్లు, గడ్డిబళ్ళు పంటెక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగేవి. అక్కడినుంచి కోనసీమ. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో రేవులో ఇసుక వేస్తే రాలేది కాదు. ఆ రద్దీలో పంటు మీదికి బళ్ళు ఎక్కించే ఆయన ఒకరుండేవారు. బరువైనవి మధ్యలోకి, తేలికవి అంచులకు, చేతిలో కర్రతో చూపిస్తూ, ఎవరి హోదాకూ తల వంచకుండా నడిపించేవారు. పెళ్ళికొడుకు కారు వరసలో ఉన్నా సరే, ముందు పాల క్యాన్ల బండి ఎక్కాల్సిందే అనేవారు. కారులోవాళ్ళు దిగి కేకలేసేవారు. ఆయన కర్ర అడ్డం పెట్టి, "పాలు విరిగితే మీరిస్తారా బాబూ?" అని అడిగి, పాలబండినే ఎక్కించేవారు.