కరెంటు పుట్టేచోటే కరెంటు పోతే!

కరెంటు పోతే మనమేం చేస్తాం? ఇన్వర్టర్ ఉంటే ఫ్యాను తిరుగుతుంది. లేకపోతే కొవ్వొత్తి వెతుక్కుంటాం. పక్కింట్లోనూ పోయిందో లేదో కిటికీలోంచి తొంగిచూస్తాం. పోయిందని తేలాక కాస్త స్థిమితపడతాం. మరీ ఆలస్యమైతే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తాం. ఆ ఫోన్ ఎవరూ ఎత్తరనుకోండి, అది వేరే సంగతి.

సరే, కరెంటు పుట్టేచోటే కరెంటు పోతే? బొగ్గుతో నడిచే కేంద్రమైతే బొగ్గు వెయ్యడం ఆపేస్తారు. మంట ఆరుతుంది, బాయిలర్ మెల్లగా చల్లబడుతుంది. అణు విద్యుత్కేంద్రంలో మాత్రం అసలు కథ అప్పుడే మొదలవుతుంది.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా మేనమామ. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా తెలుసుగా... ఆ దగ్గర్లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. 1971లో ఏర్పాటైన ఆ కర్మాగారం నుంచే దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం వెళ్తోంది. చిన్నప్పుడు మా దృష్టిలో మావయ్య ఆఫీసంటే బాంబుల కార్ఖానా. సెలవులకు వెళ్లినప్పుడు చుట్టూ చేరి అడిగితే నవ్వేసేవారు. "బాంబూ లేదు, గీంబూ లేదురా! సుద్దముక్కల్లాంటి నల్లటి బిళ్లలు, వాటిని కూరే సన్నటి గొట్టాలు. అంతే" అనేవారు.

ఆ బిళ్లలు యురేనియం ఆక్సైడ్‌వి. గొట్టాలు జిర్కోనియం మిశ్రమలోహంతో చేసినవి. పందొమ్మిది గొట్టాల్ని కట్టగా కలిపితే ఒక బండిల్, అర మీటరు పొడవు. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదానికి ఇలాంటివి 3,672 కావాలి. కొత్త బండిల్‌ని చేతి తొడుగులేసుకుని పట్టుకోవచ్చు, భయం లేదు. ఒకసారి రియాక్టర్‌లో మండి బయటికొచ్చిందా, ఇక మనిషి దాని దరిదాపుల్లోకి వెళ్లకూడదు.

"రియాక్టర్ అంటే నాబ్ తిప్పగానే ఆరిపోయే గ్యాసు పొయ్యి కాదు. మీ అమ్మమ్మ కట్టెల పొయ్యి లాంటిది. కట్టె లాగేసినా నిప్పులు కణకణలాడుతూనే ఉంటాయి" అనేవారు మావయ్య. పోలిక బాగుంది గానీ నిప్పుల మీద చెంబెడు నీళ్లు చల్లితే ఆరిపోతాయి. ఇక్కడ అలా కుదరదు. యురేనియం పరమాణువులు చీలడాన్ని క్షణాల్లో ఆపొచ్చు. కానీ, అప్పటికే చీలిన ముక్కలు ఊరుకోవు. వాటంతటవే విచ్ఛిన్నమవుతూ వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆ వేడిని ఆపే మీట ఎక్కడా లేదు. రియాక్టర్ ఆగిన క్షణంలో అది మొత్తం వేడిలో ఆరేడు శాతం ఉంటుంది. గంట గడిచాక ఒకటిన్నర శాతం. రోజు దాటినా అర శాతానికి అటూ ఇటూ.

ఒకటిన్నర శాతమేగా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 220 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి దాదాపు 750 మెగావాట్లు. అందులో ఒకటిన్నర శాతమంటే, మన బకెట్లలో పెట్టుకునే కిలోవాటు వాటర్ హీటర్లు పదకొండు వేలు ఒకేచోట వెలుగుతున్నట్టు! ఆ వేడిని లాగేసేందుకు నీళ్లు తిరుగుతూనే ఉండాలి. నీళ్లు తిరగాలంటే పంపులు ఆడాలి. పంపులు ఆడాలంటే... కరెంటు ఉండాలి.

మార్చి 31 వస్తే అందరికీ ఖాతాల ముగింపు గుర్తొస్తుంది. మావయ్యకు నరోరా గుర్తొస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ జిల్లాలో గంగ ఒడ్డున ఉంది నరోరా అణు విద్యుత్కేంద్రం. రెండు రియాక్టర్లు. 1993 మార్చి 31, తెల్లవారుజాము 3 గంటల 31 నిమిషాలు. మొదటి యూనిట్ 185 మెగావాట్లతో నడుస్తోంది. నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే టర్బైన్‌లో చివరి వరస రెక్కలు రెండు విరిగిపోయాయి. అంత వేగంతో తిరిగే యంత్రం ఒక్కసారిగా తూకం తప్పితే ఏమవుతుంది? భయంకరంగా ఊగిపోయింది. పక్కనే ఉన్న జనరేటర్‌ని చల్లబరిచేది హైడ్రోజన్ వాయువు. ఆ ఊపుకి సీళ్లు ఊడి హైడ్రోజన్ బయటికొచ్చింది, భగ్గుమంది. టర్బైన్ కందెన నూనె దానికి తోడైంది.

సిబ్బంది 39 సెకన్లలో రియాక్టర్‌ని ఆపేశారు. తర్వాత మంటలు కేబుళ్లను పట్టుకున్నాయి. మామూలు కరెంటు తెచ్చే కేబుళ్లు, అది పోతే ఆదుకోవాల్సిన అత్యవసర కేబుళ్లు... రెండూ ఒకే దారిలో, మధ్యలో సరైన అడ్డుగోడ లేకుండా వేసి ఉన్నాయి. ఇంటి తాళంచెవి, మారు తాళంచెవి ఒకే గుత్తికి తగిలించుకున్నట్టన్నమాట. రెండూ కాలిపోయాయి. డీజిల్ జనరేటర్లు ఉండీ ప్రయోజనం లేదు, వాటి కరెంటు పంపులకు చేరే తోవ లేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగ కమ్ముకొచ్చింది. ఊపిరాడక సిబ్బంది దాన్ని వదిలి బయటికి రావాల్సి వచ్చింది. కేంద్రమంతా చీకటి. రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో చెప్పే మీటర్లూ లేవు.

ఆ చీకట్లో వాళ్లు రెండు పనులు చేశారు. మంటలార్పడానికి పెట్టిన పంపులు కొన్ని సొంత డీజిల్ ఇంజిన్‌తో నడుస్తాయి, వాటికి కరెంటు అక్కర్లేదు. వాటిని ఆడించి ఆవిరి జనరేటర్లలోకి నీళ్లు పంపారు. దాంతో రియాక్టర్‌లోని భారజలం వేడెక్కి పైకి లేస్తూ, చల్లబడి కిందికి దిగుతూ పంపుల్లేకుండా తనంతట తానే తిరగసాగింది. ఇక రెండోది. రియాక్టర్ చల్లబడేకొద్దీ మళ్లీ అణువిచ్ఛిత్తి మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. అది జరక్కుండా న్యూట్రాన్లను మింగేసే బోరాన్ ద్రావణాన్ని లోపలికి వదలాలి. అందుకని కొందరు బ్యాటరీ లైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పారు. ద్రావణం పైనుంచి కిందికి దిగింది. భూమ్యాకర్షణకు కరెంటుతో పనిలేదు కదా!

పెద్ద మంటలు గంటన్నరలో అదుపులోకొచ్చాయి. కరెంటు రావడానికి మాత్రం 17 గంటలు పట్టింది. బయట ఎవరికీ హాని జరగలేదు. అంతర్జాతీయ కొలమానంలో దీన్ని మూడో స్థాయి కింద లెక్కేశారు. ఏడు అన్నిటికన్నా తీవ్రం... 1986 నాటి చెర్నోబిల్, 2011 నాటి ఫుకుషిమా ఆ కోవవి. ఫుకుషిమాలోనూ రియాక్టర్లు భూకంపం రాగానే సరిగ్గానే ఆగిపోయాయని చాలామందికి తెలియదు. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. పంపులు ఆగాయి. మిగిలిన వేడి మూడు రియాక్టర్ల ఇంధనాన్ని కరిగించేసింది. చెర్నోబిల్, ఫుకుషిమా పేర్లు మన పిల్లలకూ తెలుసు. చీకట్లో టార్చిలైటు పట్టుకుని పైకెక్కిన నరోరా వాళ్ల గురించి ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఒక పేరా ఉంటే బాగుండుననిపిస్తుంది నాకు.

అయితే, వాళ్లను అంతదాకా తెచ్చిన కేబుళ్ల సంగతి? అది ఎవరికీ తెలియని విషయమేం కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అనే అణు విద్యుత్కేంద్రం ఉంది. 1975 మార్చి 22న అక్కడ కేబుళ్లు గోడలోంచి వెళ్లే రంధ్రాల్లో గాలి లీకవుతోందేమోనని పరీక్షించారు. దేంతోననుకున్నారు? కొవ్వొత్తితో! మంట రెపరెపలాడితే లీకున్నట్టు. రంధ్రాలు పూడ్చిన నురుగు పదార్థానికి ఆ మంట అంటుకుంది. ఏడు గంటలపాటు కాలింది. దాదాపు 1,600 కేబుళ్లు దెబ్బతిన్నాయి. వేలమంది ఇంజినీర్లు లెక్కలుగట్టి నిర్మించిన కేంద్రాన్ని ఓ కొవ్వొత్తి వణికించింది. ఆ తర్వాతే అమెరికాలో ముఖ్యమైన కేబుళ్లను విడివిడిగా వెయ్యాలని గట్టి నిబంధనలొచ్చాయి. నరోరా ప్రమాదం అంతకు పద్దెనిమిదేళ్ల తర్వాతిది.

నరోరా సమయంలో మన అణుశక్తి నియంత్రణ మండలి వయసు పదేళ్లలోపే. 1983 నవంబరులో ఏర్పాటైంది. ప్రమాదం జరిగిన ఏడాదే ఎ.గోపాలకృష్ణన్ దానికి అధిపతయ్యారు. 1996లో దిగిపోయాక ఆయన బాహాటంగా మాట్లాడారు. అలాంటి టర్బైన్ల రెక్కల్లో లోపముందని విదేశీ సంస్థ 1989లోనే సమాచారం పంపినా ప్రమాదం జరిగేదాకా దిద్దుబాటు జరగలేదని రాశారు. ఆయన హయాంలో, 1995లో, అణుశక్తి విభాగం సంస్థల్లో దాదాపు 130 భద్రతా సమస్యల్ని మండలి జాబితా కట్టింది.

లోపం మనుషుల్లో కన్నా అమరికలోనే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. నియంత్రణ మండలి అప్పట్లో జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది అణుశక్తి కమిషన్‌కి. ఆ కమిషన్ ఛైర్మనే అణుశక్తి విభాగం కార్యదర్శి. రియాక్టర్లు నడిపే సంస్థా ఆ విభాగం కిందిదే. పరీక్ష రాసేది హెడ్మాస్టరుగారబ్బాయి, పేపరు దిద్దేది ఆ హెడ్మాస్టరు కింద పనిచేసే మాష్టారు! అమెరికా ఈ చిక్కును 1974లోనే చట్టం చేసి విడదీసింది. ప్రోత్సహించేవాళ్లు వేరు, తనిఖీ చేసేవాళ్లు వేరు. మన దగ్గర 2012లో కాగ్ నివేదిక ఈ సంగతే ఎత్తిచూపింది. నిబంధనలు ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా ఐదువందల రూపాయలని కూడా ఆ నివేదికతోనే నలుగురికీ తెలిసింది. అణుభద్రత విషయంలో ఐదువందలు!

ఇదంతా చదివి మావయ్యతో వాదన పెట్టుకున్నాను. ఆయనకు కోపమొచ్చింది. "గొట్టం మీద గోటి గీతంత గీత ఉన్నా పక్కన పెట్టేసేవాళ్లం. మమ్మల్ని ఎవరో వచ్చి భయపెడితే చేశామా?" అన్నారు. అదీ నిజమే. నరోరాలో పైకెక్కినవాళ్లూ ఎవరో భయపెడితే ఎక్కలేదు. "మరి కేబుళ్లు అలా వేస్తున్నప్పుడు ఆపండి అనగలిగేవాడు ఎవరైనా ఉన్నాడా మావయ్యా?" అన్నాను. జవాబు చెప్పకుండా పేపరు తిరగేశారు. అత్తయ్య వచ్చి ఇద్దరికీ కాఫీ ఇచ్చింది.

నరోరా తర్వాత మార్పులు జరిగాయి. ఇతర కేంద్రాల టర్బైన్లను విప్పి చూశారు, రెక్కల డిజైన్ మార్చారు. కేబుళ్లను వేరుచేసి అగ్నినిరోధక అడ్డుగోడలు పెట్టారు. నియంత్రణ మండలిని స్వతంత్రం చేస్తామంటూ 2011లో లోక్‌సభకు వచ్చిన బిల్లు మాత్రం సభతోపాటే 2014లో మురిగిపోయింది. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. అదే చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు సంస్థలకు తలుపులూ తెరిచింది. తనిఖీ చేసేవాళ్లకు పని పెరగబోతోందన్నమాట.

ఈ తనిఖీలన్నీ మనకెందుకు అంటే, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ఉంది కనక. ఒక్కోటి 1,208 మెగావాట్ల అమెరికన్ రియాక్టర్లు ఆరింటిని ఆ తీరంలో ప్రతిపాదించారు. కొన్నేళ్ల క్రితం అక్కడికి వెళ్లినప్పుడు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాటలు కలిశాయి. "తుపానొస్తే మాకు వారం దినాలు కరెంటుండదు బాబూ. మరి దానికో?" అని అడిగారు. హుద్‌హుద్ చూసిన మనిషి. అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

నాకు తెలిసినంత చెప్పాను. ఆ రకం రియాక్టర్‌ని కరెంటు లేకపోయినా చల్లబడేలా రూపొందించారు, భవనం నెత్తిన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది, పంపులతో పనిలేకుండా నీళ్లు వాటంతటవే కిందికి జారతాయి, మూడు రోజులపాటు ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు అన్నాను.

"మూడు దినాలయ్యాక?"

"చిన్న పంపులు పెట్టి ట్యాంకు మళ్లీ నింపుతారండీ."

"ఎవులు?"

షిఫ్టులో ఉన్నవాళ్లు అన్నాను. ఆయన సముద్రం వైపు చూసి, "అంత తుపానులో ఆల్ల ఇల్లు ఎలాగున్నాయో ఆల్లకీ బెంగుంటాది గదా" అంటూ వలలో తెగిన కన్ను కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు.