విజేత ఒక్కడే

గత డిసెంబరు సెలవుల్లో కుమారుని కుటుంబంతో కలిసి స్పెయిన్‌లోని గ్రనాడా నగరాన్ని చూసే అవకాశం అల్లాహ్ ప్రసాదించాడు. దూరాన సియెర్రా నెవాడా పర్వతాలపై తెల్లని మంచు, కొండమీద ఎర్రని అల్‌హంబ్రా కోట. 1492 జనవరి 2న చివరి నస్రీ సుల్తాను ఈ నగరాన్ని అప్పగించడంతో అక్కడ దాదాపు 780 ఏళ్ల ముస్లిముల పాలన ముగిసింది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోయేది.

నా మనసులో మరో ఓటమి కూడా ఉండేది. కుమారుడు మదర్సా చదువు మధ్యలో విడిచి, ఇంజనీరై విదేశం చేరాడు. ఆ కినుకతో ఏళ్ల తరబడి అతనితో ముభావంగానే మెలిగాను.

సింహాల ప్రాంగణంలో తొమ్మిదేళ్ల మనుమరాలు గోడపై పదేపదే కనిపించే అక్షరాలను కూడబలుక్కుని చదివింది: "వలా గాలిబ ఇల్లల్లాహ్."

"అర్థమేమిటి దాదా?"

"అల్లాహ్ తప్ప విజేత లేడు, తల్లీ. ఇది నస్రీ సుల్తానులు చెక్కించిన మాట."

"మరి వాళ్లే ఓడిపోయారు కదా?"

"అవునమ్మా. అయినా మాట నిజమే. నీకు చదవడం ఎవరు నేర్పారు?"

"అబ్బా. రోజూ ఫజ్ర్ తర్వాత."

కుమారుడు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు మాట రాలేదు.

ఆ సాయంత్రం బసలో మగ్రిబ్ నమాజుకు అతణ్ణే ముందుకు పంపాను. జీవితంలో తొలిసారి నా కుమారుని వెనుక నిలబడి నమాజు చేశాను. అల్హమ్దులిల్లాహ్.